జామర్ ఒక్కటి పెడితే డ్రోన్లు ఆగిపోతాయా?

ఈ నెల ‘మీరడిగారు’ శీర్షికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మందు కొట్టే డ్రోను పక్కకు జారడం దగ్గర్నుంచి ఆకాశ్ క్షిపణి దాకా అన్నీ ఉన్నాయి. చూడటానికి దేనికదే అనిపిస్తుంది గానీ, ఎగిరే యంత్రానికి తానెక్కడుందో, ఎటు పోవాలో ఎట్లా తెలుస్తుందన్నదే అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న. అందుకే పొలంలో మొదలుపెట్టి యుద్ధం దాకా వరసగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది పది లీటర్ల ట్యాంకు డ్రోను. వరికి మందు కొడతాం. మొన్న ఒక కయ్యలో పైకి లేచినాక నిలబడకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చుట్టుచుట్టుకీ వెడల్పు పెరిగింది. శాటిలైట్లు 18 చూపిస్తా ఉంది. జీపీఎస్ బాగున్నా ఎందుకిట్టా?
— డ్రోన్ ఆపరేటర్, కోవూరు

జవాబు: జీపీఎస్ తప్పేం లేదు. తప్పు కంపాస్‌ది. గాలిలో నిలబడాలంటే డ్రోనుకు రెండు సంగతులు తెలియాలి: తాను ఎక్కడుంది, తన ముక్కు ఎటుంది. మొదటిది జీపీఎస్ చెబుతుంది, రెండోది కంపాస్ చెబుతుంది. గాలికి డ్రోను రెండడుగులు తూర్పుకు జరిగిందనుకోండి. పడమరకు పోవాలని లోపలి కంట్రోలర్ లెక్కేస్తుంది. కంపాస్ 40 డిగ్రీలు తప్పు చూపిస్తుంటే పడమర అనుకుని వాయవ్యం వైపు పోతుంది. అక్కడ మళ్లీ దిద్దుకోబోయి మళ్లీ అంతే పక్కకు పోతుంది. దిద్దుబాటు దిద్దుబాటుకూ పక్కకే జారి గుండ్రం తయారవుతుంది. కంపాస్ తప్పు పెరిగేకొద్దీ చుట్టు విచ్చుకుంటుంది.

కంపాస్ ఎందుకు చెడుతుంది? ఎక్కువగా ఎగరేసిన చోటు వల్ల. కాలువ మీది కల్వర్టు చదునుగా ఉందని దాని మీద పెట్టి లేపుతారు. ఆ కాంక్రీటు లోపలంతా ఇనుప కమ్ములే. ట్రాక్టరు ట్రక్కు, బోరు మోటారు స్టార్టరు పెట్టె, పక్కన నిలబెట్టిన మోటారు సైకిలు కూడా అంతే. రెండో కారణం డ్రోను లోపలే ఉంటుంది. నిండు ట్యాంకుతో లేచేటప్పుడు మీ డ్రోను వంద ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లా. వంద ఆంపియర్లు పోయే ఒంటి తీగ పక్కన అరమీటరు దూరంలో కూడా దాదాపు అంతే క్షేత్రం పుడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర తీగ, నల్ల తీగ ఒకదానికొకటి ఆనుకుని పురి తిప్పినట్టు పోతే రెండిటి క్షేత్రాలూ కొట్టేసుకుంటాయి. రిపేరు చేసినవాళ్లు వాటిని విడదీసి చెరోపక్క కట్టారేమో ఒకసారి చూడండి. నేల మీద బాగుండి, పైకి లేవగానే చుట్టు మొదలైతే అనుమానించాల్సింది ఈ తీగలనే.

చుట్టు మొదలైనప్పుడు ఇంటికి రమ్మనే బటన్ నొక్కకండి. దానికీ అదే జీపీఎస్, అదే కంపాస్ కావాలి, తిన్నగా కరెంటు తీగల మీదికి పోవచ్చు. యాటిట్యూడ్ మోడ్‌కు మార్చండి. అందులో జీపీఎస్‌తో స్థానం పట్టుకునే పని ఆగిపోతుంది, గాలికి కొట్టుకుపోతుంది గానీ మీ చేతి మాట వింటుంది. దింపినాక ఇనుముకు పది పదిహేను మీటర్ల దూరం పోయి, జేబులో ఫోను, తాళాలు తీసేసి కంపాస్ కాలిబ్రేషన్ (దిక్కు సరిదిద్దడం) చేయండి. డ్రోనును అడ్డంగా పట్టుకుని ఒక చుట్టు, ముక్కు నేలకు దించి ఒక చుట్టు తిప్పాలి. తర్వాత తెరమీద బాణం, నిజంగా ముక్కున్న దిక్కు ఒకటేనా అని కళ్లతో సరిచూసుకోండి. ఈ చివరి పని చేసేవాళ్లు తక్కువ. రెండు యాంటెన్నాల ఆర్టీకే (నేల మీద నిలబెట్టిన బేస్ యంత్రం సాయంతో జీపీఎస్ తప్పును దిద్దే పద్ధతి) ఉన్న డ్రోన్లు దిక్కును కూడా ఉపగ్రహాల నుంచే తీసుకుంటాయి కాబట్టి వాటికి ఈ పీడ తక్కువ.

ఆర్టీకే మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మామూలు జీపీఎస్ రెండు నుంచి ఐదు మీటర్ల తేడా చూపిస్తే, ఆర్టీకే రెండు మూడు సెంటీమీటర్లకు తెస్తుంది. అయితే అది కొలిచేది బేస్ ఉన్న చోటు నుంచి దూరం. నిన్న బేస్ స్టాండు పెట్టి గట్లు గుర్తించి, ఇవాళ దాన్ని రెండు మీటర్లు పక్కన నిలబెట్టి నిన్నటి అంకెలే ఇస్తే, డ్రోను రెండు సెంటీమీటర్ల కచ్చితంతో పక్కోళ్ల కయ్యలో మందు కొడుతుంది. స్టాండు కింద ఒక మేకు దిగ్గొట్టి, రోజూ దాని మీదనే నిలబెట్టండి.

ప్రశ్న: క్వారీ లోపల సర్వే డ్రోను దిగేకొద్దీ ఉన్నట్టుండి నాలుగైదు మీటర్లు దూకుతోంది. ఎందుకు?
— గ్రానైట్ క్వారీ సర్వేయర్, చీమకుర్తి

జవాబు: గుంతలోకి దిగేకొద్దీ కనిపించే ఆకాశం తగ్గుతుంది. నెత్తిన ఉన్న ఉపగ్రహాలే మిగిలితే లెక్క బలహీనపడుతుంది. పైగా కోసిన రాతి గోడలు సిగ్నల్‌ను అద్దంలా తిప్పికొడతాయి. అట్లా చుట్టు తిరిగి వచ్చిన సిగ్నల్ దూరాన్ని ఎక్కువ చూపిస్తుంది. ఒక ఉపగ్రహం గోడ చాటుకు పోయి ఇంకొకటి బయటికి వచ్చిన క్షణంలో డ్రోను లెక్క మార్చుకుంటుంది, దూకుడు అదే. గోడకు పది మీటర్ల లోపుకు పోవద్దు. అడుగును పైనుంచే ఫొటోలు తీసి, నేల మీద గుర్తులు పెట్టి సరిచేసుకోండి. రొయ్యల గుంటల మీద కూడా ఇదే తంతు. నీళ్లు సిగ్నల్‌ను తిప్పికొట్టడం ఒకటి, కిందికి చూసే కెమెరాకు అలల మీద పట్టుకోవడానికి గుర్తు దొరక్కపోవడం ఇంకొకటి.

ప్రశ్న: పగలంతా బాగా పనిచేసే రోవర్ (ఉపగ్రహాలతో స్థానం కొలిచే సర్వే యంత్రం) రాత్రి ఏడు దాటితే ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితం) పట్టదు. మార్చిలో మరీ ఎక్కువ. యంత్రం చెడిందా?
— భూముల సర్వేలో పనిచేసే ఉద్యోగి, సంతనూతలపాడు

జవాబు: యంత్రం బాగానే ఉంది, ఆకాశమే బాగాలేదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాది మీదుగా పోతుంది. దానికి దగ్గరి ప్రాంతాల్లో పొద్దుగూకినాక అయనోస్ఫియర్ అనే వాతావరణపు పైపొరలో ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగలు పైకి లేస్తాయి. ఉపగ్రహ సంకేతం వాటి గుండా వచ్చేటప్పుడు చెదిరి, నక్షత్రంలా మినుకుమినుకుమంటుంది. మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి దాకా ఇది ఎక్కువ. సూర్యుడి 11 ఏళ్ల చక్రం ఉచ్చస్థితిలో ఉన్న ఏళ్లలో మరీ ఎక్కువ. చిత్తూరు వైపు గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లతో గమనించేవాటిలో ఈ బుడగలు కూడా ఉన్నాయి. పని సాయంత్రం ఆరు లోపు ముగించుకోండి. తప్పదంటే ఫిక్స్ తెంపి రెండోసారి పట్టించి, రెండు అంకెలూ కలిస్తేనే రాసుకోండి.

ప్రశ్న: జీపీఎస్ లేకుండా కూడా క్షిపణి వందల మైళ్లు పోతుందంటారు. ఎట్టా?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: కళ్లకు గంతలు కట్టి బస్సెక్కించినా, బస్సు ఎప్పుడు వేగం అందుకుంది, ఎప్పుడు బ్రేకు వేసింది, ఎటు తిరిగింది అన్నది ఒంటికి తెలుస్తుంది కదా. వాచీ చూసుకుంటూ అదంతా గుర్తుపెట్టుకుంటే ఎంత దూరం వచ్చామో లెక్కేయొచ్చు. క్షిపణి లోపలి ఇనర్షియల్ నావిగేషన్ ఇదే పని చేస్తుంది. మూడు యాక్సిలరోమీటర్లు మూడు వైపులా వేగంలో మార్పును, మూడు గైరోస్కోపులు తిరగడాన్ని కొలుస్తాయి. వేగం మార్పును కూడితే వేగం, వేగాన్ని కూడితే దూరం వస్తుంది. బయటి నుంచి ఏ సంకేతమూ అక్కర్లేదు. అందుకే దీన్ని ఎవరూ జామ్ చేయలేరు, అంటే రేడియో రొదతో నొక్కేయలేరు.

చిక్కంతా ఆ కూడికలోనే ఉంది. యాక్సిలరోమీటర్‌లో గురుత్వంలో వెయ్యోవంతు తప్పు ఉందనుకోండి. ఒక నిమిషానికి ఆ తప్పు దాదాపు 18 మీటర్లు. పది నిమిషాలకు 180 అనుకుంటారు, కాదు. కాలం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1,760 మీటర్లు. కావలిలో దిగాల్సినవాడు పక్క ఊళ్లో దిగినట్టు. విమానాల్లో వాడే స్థాయి రింగ్ లేజర్ గైరోలతో కట్టిన మంచి యంత్రమైనా గంటకు సుమారు 1.8 కి.మీ. తప్పిపోతుంది. ఈ యంత్రాలు సొంతంగా తయారు చేసుకోవడం మీద హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ దశాబ్దాలుగా పని చేస్తోంది. ఇట్లాంటి యంత్రాలను బయటి దేశాలు అంత తేలిగ్గా అమ్మవు.

అందుకే మధ్యమధ్యలో దిద్దుబాటు కావాలి. ఉపగ్రహం అందితే దానితో దిద్దుకుంటుంది. అందకపోతే కింది నేల ఎత్తుపల్లాలను రాడార్ ఆల్టీమీటర్‌తో కొలిచి, దాచుకున్న పటంతో పోల్చుకుంటుంది. అమెరికా టోమహాక్‌లో ఈ పద్ధతి ఉంది. చివర్లో కెమెరా తీసిన బొమ్మను ముందే ఇచ్చిన బొమ్మతో పోల్చుతుంది. వెలిగొండల మీద ఎత్తుపల్లాల పద్ధతి బాగా పనిచేస్తుంది. మైపాడు ఇసుక దిబ్బల మీద, సముద్రం మీద పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: కదిలే విమానాన్ని క్షిపణి వెంటబడి ఎట్టా పట్టుకుంటుంది?
— హైస్కూలు ఉపాధ్యాయురాలు, అల్లూరు

జవాబు: వెంటబడదు. వెంటబడితే చివర్లో తిరగలేనంత మలుపు తిరగాల్సి వస్తుంది. జువ్వలదిన్నె పడవల మీద రాత్రిపూట పోయే మత్స్యకారులకు ఒక సంగతి తెలుసు: దూరాన కనిపించే దీపం పక్కకు జరుగుతుంటే భయం లేదు. మన పడవ నుంచి చూస్తే ఎప్పుడూ అదే దిక్కులో ఉండి, వెలుతురు మాత్రం పెరుగుతుంటే ఆ పడవ మనల్ని గుద్దబోతుందన్నమాట. పడవవాడు దాన్ని చూసి తప్పుకుంటాడు. క్షిపణి కావాలని అదే స్థితి తెచ్చుకుంటుంది. ముక్కులో కన్నులాంటి సీకర్‌కు లక్ష్యం కనిపించే దిక్కు ఎంత వేగంతో మారుతుందో చూసి, ఆ మార్పుకు మూడు నాలుగు రెట్ల వేగంతో తన దారి తిప్పుకుంటుంది. మార్పు సున్నా అయిందంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. దీన్నే ప్రొపోర్షనల్ నావిగేషన్ అంటారు.

ముక్కులో కన్ను లేని క్షిపణులూ ఉన్నాయి. మన ఆకాశ్ మొదటి రకంలో సీకర్ లేదు. నేల మీది రాజేంద్ర రాడార్ లక్ష్యాన్నీ క్షిపణినీ రెండిటినీ చూస్తూ రేడియోలో దారి చెబుతుంది. ఇంజను వేడిని చూసి పోయే క్షిపణిని మండే ఫ్లేర్లతో మోసం చేయొచ్చు. అయితే కొత్త సీకర్లు వేడి చుక్కను మాత్రమే కాక విమానం ఆకారాన్నే బొమ్మలా చూస్తాయి, వాటి ముందు పాత ఫ్లేర్ల పప్పులుడకవు.

ప్రశ్న: జీపీఎస్ లాంటి మన సొంత నావిక్ ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే పోయాయి గదా. మన క్షిపణులను ఇక ఎవరూ జామ్ చేయలేరా?
— పాఠకుడు, నాయుడుపేట రోడ్డు, నెల్లూరు

జవాబు: చేయగలరు. నావిక్ వల్ల వచ్చే లాభం వేరు. జీపీఎస్‌ను అమెరికా తన అవసరానికి కట్టుకుంది, నావిక్ తాళం చెవి మన దగ్గరుంటుంది. సైన్యానికి ఇచ్చే సేవ సంకేతలిపిలో ఉంటుంది కాబట్టి దొంగ సంకేతం పంపి మోసగించడం కష్టం. కానీ గొంతు నొక్కేయడానికి లిపి తెలియనక్కర్లేదు, గట్టిగా అరిస్తే చాలు. ఉపగ్రహ సంకేతాలన్నీ బలహీనమే. జీపీఎస్ ఉపగ్రహం 20,200 కి.మీ. ఎత్తు నుంచి పంపింది మన దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో చూడండి. ఒక వాట్‌ను కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ కోటి భాగాలు చేసి, అందులో ఒకదాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం. కొన్ని వాట్ల జామర్ కిలోమీటర్ల మేర దాన్ని ముంచేయగలగడంలో వింతేముంది? నావిక్ ఎల్5 అనే రేడియో ఫ్రీక్వెన్సీతో పాటు ఎస్ బ్యాండ్ కూడా వాడుతుంది, జామ్ చేసేవాడు రెండు చోట్ల అరవాలి. లాభం అంతే.

ఆ ఉపగ్రహాల పరిస్థితి కూడా అంత నిబ్బరంగా లేదు. 2013 జులై 1న పోయిన మొదటిదానిలో మూడు అణు గడియారాలూ చెడిపోయాయి. 2023 మే 29న పోయిన ఎన్‌వీఎస్-01లో మన సొంత రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా పోయిన ఎన్‌వీఎస్-02లో కవాటాలు తెరుచుకోక, దాన్ని అనుకున్న కక్ష్యకు చేర్చలేకపోయారు.

ప్రశ్న: 2025 మే నెలలో పాకిస్తాన్ నుంచి వందల డ్రోన్లు వచ్చినాయని విన్నాం. ఎస్-400, ఆకాశ్ లాంటి ఎదురు క్షిపణులన్నీ ఉన్నాయి. అయినా డ్రోన్లను ఆపడం అంత కష్టం అంటారెందుకు? పెద్ద జామర్ పెడితే సరిపోదా?
— విశ్రాంత టెలికాం ఉద్యోగి, ఒంగోలు

జవాబు: మే 8 రాత్రి 36 చోట్ల 300 నుంచి 400 దాకా డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. చాలా వాటిని కూల్చారు. వాటి సంగతి తేల్చిన వాటిలో ఖరీదైన క్షిపణులతో పాటు 40 మిల్లీమీటర్ల ఎల్-70, జడ్‌యూ-23, షిల్కా లాంటి పాత తుపాకులూ ఉన్నాయి. ఎందుకన్నది చివర్లో చెబుతాం, ముందు కనిపెట్టడం సంగతి చూద్దాం. కష్టమంతా మొదలయ్యేది అక్కడే.

భూమి గుండ్రం. పది మీటర్ల ఎత్తు స్తంభం మీద పెట్టిన రాడార్, వంద మీటర్ల ఎత్తులో వచ్చేదాన్ని 54 కి.మీ. దూరాన చూడగలదు. అది 20 మీటర్ల ఎత్తుకు దిగితే 31 కి.మీ. సముద్రం మీద ఐదు మీటర్ల ఎత్తున వచ్చేదైతే 22 కి.మీ. ధ్వనికి 2.8 రెట్ల వేగంతో పోయే బ్రహ్మోస్ లాంటి క్షిపణికి ఆ 22 కి.మీ. దాటడానికి పట్టేది 23 సెకన్లు. రాడార్ పట్టాలి, మనిషి నమ్మాలి, ఆజ్ఞ రావాలి, ఎదురు క్షిపణి లేవాలి, అన్నీ ఆ 23 సెకన్లలోనే. రాడార్‌కు ఎంత శక్తి పెంచినా వంపు అవతలిది కనిపించదు. అందుకే రాడార్లను విమానాల మీద, ఎత్తయిన స్తంభాల మీద పెడతారు.

డ్రోను చిన్నదైతే ఇంకో చిక్కు. రాడార్‌కు అది ఎంత పెద్దగా కనిపిస్తుందో చదరపు మీటర్లలో లెక్కేస్తారు. చేతిలో పట్టే నాలుగు రెక్కల డ్రోను సుమారు 0.01 చదరపు మీటరు. ఒక చదరపు మీటరు వస్తువును 30 కి.మీ. దూరాన చూసే రాడార్ దీన్ని తొమ్మిదిన్నర కి.మీ. లోపల గానీ చూడలేదు. పక్షి కూడా ఇంచుమించు అంతే కనిపిస్తుంది. శీతాకాలంలో పులికాట్ మీద రాజహంసలు, నేలపట్టు మీద గూడబాతులు లేచినప్పుడు అటు తిప్పిన రాడార్ తెర ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. వేగం తక్కువున్నవన్నీ పక్షులని వడగట్టేస్తే డ్రోనూ వాటితో పాటే పోతుంది. వడగట్టకపోతే కొంగకొంగకీ సైరన్ మోగుతుంది. డ్రోను రెక్కల గిరగిర వల్ల ప్రతిధ్వనిలో సన్నని అదురు వస్తుంది, పక్షి రెక్కల ఆడింపుకు అది వేరే రకం. కొత్త రాడార్లు ఆ తేడా పట్టుకుంటాయి, దగ్గరికి వచ్చినాక. ఉక్రెయిన్ ఇంకో దారి తొక్కింది: స్తంభాల మీద వేలాది మైక్రోఫోన్లు పెట్టి, రష్యా పంపే ఇరాన్ రకం షాహెద్ డ్రోను ఇంజను మోపెడ్ చప్పుడును విని దాని దారి లెక్కేస్తుంది. ఒక్కో పరికరం ఖర్చు 400, 500 డాలర్లే. ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన పని ఇదే అని మా అభిప్రాయం.

ఇక మీరడిగిన జామర్. జామర్ తెంపేది డ్రోనుకూ నడిపేవాడికీ మధ్య రేడియోను, లేదా ఉపగ్రహ సంకేతాన్ని. దూరం రెట్టింపయితే బలం నాలుగోవంతు అవుతుంది కాబట్టి, డ్రోను జామర్‌కు వంద మీటర్లలో ఉండి నడిపేవాడు మూడు కి.మీ. అవతలుంటే ఇద్దరి రేడియో శక్తీ ఒకటే అయినా జామర్‌దే గెలుపు, 900 రెట్ల మొగ్గు. అదే డ్రోను జామర్‌కు దూరంగా, తనవాడికి దగ్గరగా ఉంటే లెక్క తిరగబడుతుంది. అంటే ఒక జామర్ ఒక గేటును కాపాడుతుంది, ఊరిని కాపాడలేదు. ఊరంతటికీ సరిపడా అరిస్తే మన ఫోన్లు, మన డ్రోన్లు, మన విమానాలు కూడా పోతాయి. సైన్యానికి ఇది మామూలు తలనొప్పి కాదు.

సరే, రేడియో తెగింది. డ్రోను పడిపోతుందా? షాహెద్ లాంటిది ముందే రాసిచ్చిన దారిన గంటకు 180 కి.మీ. వేగంతో తనంతట తాను పోతుంది, దాన్ని నడిపేవాడే లేడు. ఉపగ్రహ సంకేతం కూడా నొక్కారు. లోపలి గైరోల లెక్కతో పోతూ ఉంటుంది. పైన చెప్పిన కూడిక తప్పు వల్ల గురి చెదురుతుంది, అది నిజమైన లాభమే. ఉక్రెయిన్‌లో జీపీఎస్‌తో పోయే అమెరికా ఫిరంగి గుండ్లు కూడా జామింగ్‌తోనే గురి తప్పాయి. కానీ గురి తప్పిన బాంబు ఎక్కడో ఒకచోట పడుతుంది. పైగా అవతలివాడు నాలుగు, ఎనిమిది యాంటెన్నాల గుంపు పెట్టి, అరుపు వచ్చే వైపు చెవి మూసుకుంటాడు. చివరి కిలోమీటరులో కెమెరాతో లక్ష్యాన్ని పట్టుకునేవి వచ్చాయి. 2024 నుంచి సన్నని ఫైబర్ తీగ విప్పుకుంటూ పోయే డ్రోన్లు యుద్ధంలో విరివిగా కనిపిస్తున్నాయి, ఇప్పుడు 20 కి.మీ. పైన పోయేవీ ఉన్నాయి. వాటికి రేడియోయే లేదు, జామర్ ఎన్ని కిలోవాట్లదైనా వాటి ముందు దండగ. వాటికి మందు ఏమిటో తెలుసా? వల. ఉక్రెయిన్ రోడ్ల మీద పందిరిలా వలలు కట్టారు. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరపు జాలర్ల పాత వలలు కూడా 2025లో అక్కడికి చేరాయి. రెక్కలో దారం చుట్టుకుంటే మోటారు బిగుసుకుంటుంది.

దొంగ సంకేతమిచ్చి దారి మళ్లించడం జామింగ్ కంటే సున్నితమైన విద్య. 2012లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక చిన్న హెలికాప్టర్ డ్రోనుకు నకిలీ జీపీఎస్ పంపి, ఎత్తు తప్పుగా నమ్మించి కిందికి దింపి చూపించారు. పౌర సంకేతానికి సంతకం లేకపోవడమే దీనికి కారణం. ఇది మామూలు విమానాలకు కూడా ముప్పే. 2025లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర జీపీఎస్ ఆధారంగా దిగే కొన్ని విమానాలకు నకిలీ సంకేతాలు తగిలాయని పౌర విమానయాన శాఖ పార్లమెంటుకు చెప్పింది.

చివరికి మిగిలేది కూల్చడం, అక్కడ డబ్బు లెక్క వస్తుంది. షాహెద్ ఖరీదు 20 నుంచి 50 వేల డాలర్లని అంచనా. దాన్ని కొట్టే అమెరికా పేట్రియట్ క్షిపణి ఒక్కోటి 40 లక్షల డాలర్ల చుట్టుపక్కల. ఎలుకను చంపడానికి ఎడ్లబండి తోలినట్టు. గోదాములో క్షిపణులు అయిపోయినాక అసలు దాడి వస్తే చేసేదేముంది? అందుకే పాత ఎల్-70కి కొత్త కెమెరా, కొత్త గురి పరికరాలు తగిలించి వాడటం. తుపాకీకి దూరం తక్కువ, మూడు నాలుగు కి.మీ., కానీ గుండు చవక. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కాల్చి చూపింది. లేజర్‌కు ఖర్చు కరెంటే, అయితే ఒకే చోట కొన్ని సెకన్లు నిలబెట్టి కాల్చాలి. ఒకదాని పని అయినాకే రెండోది. కర్నూలు పొడి గాలిలో పోయినంత దూరం, ఉప్పు తేమ నిండిన కృష్ణపట్నం తీరంలో ఆ కిరణం పోదు.

ప్రశ్న: రాత్రుళ్లు మా రొయ్యల గుంటల మీద ఎవరిదో డ్రోను తిరుగుతా ఉంది. ఆన్‌లైన్‌లో జామర్లు దొరుకుతున్నాయంట. ఒకటి కొని పెట్టుకోవచ్చా? లేకుంటే తుపాకీతో కొట్టొచ్చా?
— ఆక్వా రైతు, విడవలూరు

జవాబు: రెండూ వద్దండీ. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ కొనడం, అమ్మడం, వాడటం నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, ఆ పెట్టె మీ ఏరియేటర్లకు ఫోన్‌తో నడిచే స్టార్టర్లను, మీ మేత డ్రోనును, గట్టు మీది వైఫై కెమెరాను ముందు కొడుతుంది. రాత్రి రెండింటికి ఏరియేటర్ ఆగిందన్న మెసేజ్ మీకు చేరకపోతే తెల్లారేసరికి గుంటంతా తేలుతుంది. జీపీఎస్ కూడా నొక్కే రకమైతే తీరంలో పడవల వాళ్లకు దారి పోతుంది. తుపాకీ గుండు పైకి పోయి ఎవరి నెత్తిన పడుతుందో మీ చేతిలో ఉండదు.

డ్రోన్ నియమాలు 2021 ప్రకారం 250 గ్రాములు దాటినవాటికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, గ్రీన్ జోనులో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) కూడా 400 అడుగులు దాటకూడదు. కనిపించినప్పుడు టైము, వచ్చిన దిక్కు, పోయిన దిక్కు, దీపాల రంగు రాసుకోండి, ఫోనులో వీడియో తీయండి. చిన్న బ్యాటరీ డ్రోను చాలావరకు అరగంట అటూఇటుగా దిగాల్సిందే, కాబట్టి పోయిన దిక్కున మరీ దూరం కాకుండా మనిషి ఉండొచ్చు. వేర్వేరు చోట్ల నిలబడి చూసిన దిక్కులు పటం మీద గీస్తే గీతలు కలిసే చోటు పోలీసులకు పనికొస్తుంది. 112కి చేయండి. ఎక్కడైనా పడిపోయి కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లలను దూరంగా ఉంచండి. బ్యాటరీ ఉబ్బి, తీపి వాసన వస్తుంటే కాసేపట్లో మండొచ్చు. గడ్డివామి దగ్గర పడితే దాన్ని కదిలించకండి, గడ్డినే అవతలికి లాగండి.